బొటనవేలికి పరదా తాడు

నేను నవ్వే మనిషిని కాదు. మా ఊళ్లో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. పెళ్లిపందిట్లో కూడా నా మొహాన నవ్వు లేదని మా ఆయన బతికున్నన్నాళ్లూ దెప్పాడు. నవ్వితే కూలివాళ్లు మాట వినరు, కూరగాయలవాడు ధర దించడు, కోడలికి భయం పోతుంది. నవ్వు కూడా ఉప్పు లాంటిదే, లెక్కగా వాడుకోవాలని నా పట్టుదల.

అటువంటి నేను ఆ యేడు ఎండకాలం కోసే యాసంగి వడ్లప్పుడు, సర్కారు కొనుగోలు సెంటర్‌లో, తేమ చూసే మిషన్ ముందు కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాను.

జరిగింది పెద్దదేమీ కాదు. సెంటర్‌లో తేమ చూసే పిల్లగాడు నా కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసి మిషన్‌లో పోశాడు. ఎండ మండిపోతోంది. వాడి నొసటి మీద నుంచి చెమటబొట్టు ఒకటి జారి టపీమని మిషన్ మీద పడింది. వాడు అది తుడుచుకోకుండానే, "అవ్వా, తేమ ఇంకా ఎక్కువున్నది, ఆరబెట్టుండ్రి" అన్నాడు.

"వడ్లల్ల కాదు బిడ్డా, నీ నెత్తిల ఉన్నది తేమ. నిన్ను ఆరబోస్త దా" అన్నాను.

పక్క కుప్ప దగ్గరి వదినె పకపకమంది. ఆమెను చూసి నాకూ వచ్చింది. వచ్చింది ఇక ఆగలేదు. అప్పుడే సద్దిగిన్నె పట్టుకుని వచ్చిన నా కోడలు, వడ్ల మీద కాలు పెట్టబోయి అట్లాగే నిలబడిపోయింది. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆమె నా పళ్లు చూడటం అదే మొదలు.

"గింత ఎండల అత్త నవ్వుతాంది. ఎండదెబ్బ తాకినట్టున్నది, జల్ది రా" అని నా కొడుక్కి ఫోన్ చేసింది.

నా కొడుకు ఆటో వేసుకుని వచ్చాడు. నన్ను దవాఖానకు తీసుకుపోయారు. దారంతా నవ్వుతూనే ఉన్నాను. పానగల్ చెరువుకట్ట మీద ఒక బర్రె మమ్మల్ని చూసి తల తిప్పుకుంటే దానికీ నవ్వాను.

ఎండదెబ్బ కాదు. ఏమిటో చెప్పాలంటే ముందు ఆ వడ్లకుప్పల సంగతి చెప్పాలి.

కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి మా దగ్గర వడ్లు పండటం కష్టం కాదు, పండిన వడ్లు కాపాడుకోవడం కష్టం. కోతమిషన్ పొద్దున చేలోకి దిగితే పొద్దూకేసరికి వడ్లు సెంటర్‌కు వస్తాయి. అక్కడ ఆరాలి, తేమ తగ్గాలి, గన్నీ సంచులు రావాలి, కాంటా కావాలి, లారీ రావాలి. అన్నీ ఒక్కనాడు కలిసి రావు. అందాకా పగలంతా వడ్లు ఎండకు పరిచి నేర్పడం, సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పడం. రాత్రి కావలి. గాలిదుమారం ఎప్పుడు లేస్తుందో తెలియదు. పరదా లేచి వాన పడితే వడ్లు మొలకెత్తుతాయి.

కావలికి మనిషిని పెడదామన్నాడు కొడుకు. నాకు రెండు కళ్లు, రెండు చెవులు ఉండగా ఇంకొకరికి కూలి ఎందుకని నేనే మంచం వేసుకున్నాను. రెండు కళ్లన్నది మాటవరసకే. కుడికంట్లో మోతిబిందు పొర ముదిరి పాలమీగడ కట్టినట్టుంది. ఎడమకంటితో నెట్టుకొస్తున్నాను.

మా కుప్పకు కుడిపక్క వదినె కుప్ప. నాకు వరసకు వదినె. మాటకన్నా ముందు నవ్వు వస్తుంది ఆమెకు. ఎడమపక్క చర్చికి పోయే అక్క కుప్ప. ఒకప్పుడు మా పొలంలో నాట్లు వేసిన మనిషి, ఇప్పుడు తన భూమిలో తానే నాట్లు వేయిస్తోంది. ఆమె కుప్ప నా కుప్పకన్నా ఎత్తు. నిజం చెప్పాలంటే మొదటిరోజు అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

పరదా మూలలకు అందరూ రాళ్లు పెడతారు. నాకు రాళ్ల మీద నమ్మకం లేదు. మా బాపు కల్లంలో పడుకున్నప్పుడు ఎద్దు పగ్గం కాలికి కట్టుకునేవాడు. ఎద్దు లేస్తే బాపు లేచేవాడు. అదే ఉపాయం నేనూ చేశాను. పరదా మూల తాడు తెచ్చి నా కాలి బొటనవేలికి ముడివేశాను. గాలికి పరదా కదిలితే వేలు గుంజుతుంది, నేను లేస్తాను. సెంటర్‌లో పెద్ద లైటు ఉంది. కుప్ప కనబడాలని మంచం సరిగ్గా దాని కిందే వేశాను.

గాలి అన్నది రాత్రంతా ఎంతో కొంత ఉంటుంది కదా. వేలు గుంజుతూనే ఉండేది. లేచినదాన్ని ఊరికే ఎందుకు కూర్చోవాలి? వదినెను లేపేదాన్ని. ఆమె అక్కను లేపేది. రాళ్ల పొయ్యి మీద చాయ పెట్టేవాళ్లం. నాకు చక్కెర జబ్బు ఉంది కాబట్టి నాది ఉత్త చాయ. ముగ్గురం ముసలివాళ్లం, ముగ్గురికీ నిద్ర లేదు. చిన్నప్పుడు బతుకమ్మకు పూలు దొంగతనం చేసిన కథలు, మొగుళ్ల కథలు. అక్క ప్రార్థన పాట ఎత్తుకుంటే వదినె దానికి బోనాల దరువు వేసేది. అక్క కోపం తెచ్చుకోబోయి నవ్వేసేది. తెల్లారేసరికి నాకు తల తేలిపోతున్నట్టు ఉండేది. పగలు ఏం చూసినా లోపల్లోపలే నవ్వు. నిద్ర మానుకుంటే మనిషికి పైసా నష్టం లేదని, పైగా ఇంత కులాసా ఉందని అనుకున్నాను.

అప్పటికే నా పేరు కంటి ఆపరేషన్‌కు రాసి ఉంది. నెలాఖరుకు దవాఖానకు వ్యాను వస్తుంది, నల్లగొండకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించి, నల్ల అద్దాలు పెట్టి ఇంటిదగ్గర దింపుతుంది. అంతా ఉచితం. ఉచితం అన్నందుకే ఒప్పుకున్నానని నా కొడుకు అంటాడు. అది సగమే నిజం. నేను రెండో తరగతి దాకా చదివాను. అక్షరాలు చాలావరకు మర్చిపోయాను గాని అంకెలు మర్చిపోలేదు. కాంటా మీద నా వడ్ల అంకె నా కంటితో నేను చదువుకోవాలి. కిందటి రెండు పంటలకూ పక్కవాళ్లు చదివి చెబితే తల ఊపి వచ్చాను. నాకది తల తీసేసినట్టే ఉండేది.

ఇక దవాఖానలో డాక్టరమ్మ వేలు గుచ్చి చక్కెర చూసింది. చిన్నపిల్ల, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి మా ఊళ్లో పనిచేస్తోంది. అంకె చూసి ఆమె మొహం మారింది.

"అవ్వా, ఏం తింటున్నవ్? చక్కెర గింత ఎక్కిందేంది? గిట్లుంటే కంటి ఆపరేషన్ చెయ్యరు. పుండు మానదు, చీము పడుతది. వ్యాన్ల నుంచి వాపస్ పంపుతరు. మళ్ల వానలు పోయినంకనే వచ్చేది."

నా నవ్వు అక్కడ ఆగింది.

ఇంట్లో విచారణ మొదలైంది. నేను తీపి ముట్టడం లేదంటే ఎవరూ నమ్మలేదు. కోడలు బెల్లం గుడ్డమూటకు ముడివేసి, ముడిలో చీపురుపుల్ల గుచ్చి అటక మీద పెట్టింది. ఎవరైనా విప్పితే పుల్ల పడిపోతుంది. ఆ ముడి నాకు తెలియకపోతే కదా! ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె మీద అనుమానంతో నేను వేసిన ముడి అది.

"నా ముడే నాకు ఏస్తున్నవా?" అన్నాను.

"నేర్పింది నువ్వే గదత్తా" అంది, పుల్ల ఇంకాస్త లోపలికి నొక్కుతూ.

పుల్ల కదలలేదు. అయినా వారం తర్వాత మళ్లీ చూస్తే చక్కెర ఇంకా పైకే పోయింది. గోలీలు తప్పకుండా మింగుతున్నాను. డాక్టరమ్మ పెన్ను బల్ల మీద కొట్టుకుంటూ కూర్చుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల పాదాలు చూడాలని, కాలు బల్ల మీద పెట్టమంది. పెట్టాను.

బొటనవేలి చుట్టూ చర్మం కమిలి, ఉంగరం తొడిగినట్టు నల్లటి గీత.

"గిదేందవ్వా?"

"తాడు."

"ఏం తాడు?"

చెప్పాను. పరదా, గాలి, లైటు, చాయ, వదినె, అక్క, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే మళ్లీ నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వింది గాని మధ్యలో ఆపేసింది.

"ఎన్ని రోజుల సంది గిట్ల?"

"వడ్లు వచ్చినకాణ్ణుంచి."

"అవ్వా, దొరికింది దొంగ. బెల్లం కాదు. నిద్ర." ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "రాత్రి పండుకుంటే ఒంట్ల కార్టిసాల్ అని ఒక హార్మోను తగ్గుతది. నిద్ర లేకపోతే అది తగ్గదు. ఏదో ఆపద వచ్చిందనుకొని, లివర్ల దాసిపెట్టిన చక్కెరను తెచ్చి రక్తంల పోస్తనే ఉంటది. ఇన్సులిన్ అనేదేమో ఆ చక్కెరను ఎత్తి ఒంటికి పంచాలె. నిద్ర లేనోళ్లకు అది సక్కగ పనిచెయ్యదు. ఆకలి పెంచే హార్మోను పెరుగుతది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతది. రాత్రి ఏమన్న తింటున్నవా?"

కోడలు నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. చాయతోపాటు జొన్నరొట్టె, మిర్చి తొక్కు, వేయించిన పల్లీలు. ఆకలి వేస్తుందని తిన్నాను, అంతే. ఇంట్లో ఒక రొట్టెతో లేచే మనిషిని అక్కడ చెయ్యి ఆగేది కాదు.

"ఇంగ లైటు కింద మంచం! చీకటి పడితే నిద్ర తెచ్చే హార్మోను ఊరుతది. వయసు మీద పడ్డోళ్లకు అసలే తక్కువ. ఆ జరంత సుత లైటు ఊరనియ్యది."

నాకు ఆ పేర్లు నిలవలేదు గాని విషయం మాత్రం కళ్లకు కట్టినట్టు అర్థమైంది. నా ఒళ్లు కూడా ఒక వడ్ల సెంటరే. కార్టిసాల్ అనేవాడు ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు తెచ్చి దింపుతున్నాడు. ఇన్సులిన్ హమాలీ. పస్తులున్న హమాలీలాగా సంచి ఎత్తలేక కూలబడ్డాడు. లారీ కదలదు. కుప్పలు రోడ్డెక్కాయి.

"అంటే నా లోపల సుత కాంటా ఐతలేదన్నట్టు" అన్నాను.

డాక్టరమ్మ "అవునవ్వా, గంతే" అంది. "గోలీ ఇప్పుడే పెంచను. ముందు పండుకో. పొద్దుగూకినంక చాయ వద్దు, లైటు వద్దు. ఏలికి మాత్రం తాడు కట్టకు, పుండైతే కాలే పోతది. వ్యాన్ వచ్చే ముందు మళ్ల చూస్త."

పండుకో అన్నది వినడానికి సులువే. ఇన్నేళ్లు నేను ఇంటిల్లిపాదినీ పడుకోబెట్టి, చివరకు తలుపు గడియ రెండుసార్లు చూసి పడుకున్న మనిషిని. ఇంట్లో పడుకో, కుప్ప దగ్గర నేనుంటాను అంది కోడలు. ఆమె నిద్ర నాకు తెలుసు. పిల్లలు పుట్టినప్పుడు పక్కలో పిల్ల ఏడుస్తుంటే ఇంటి చివర నుంచి నేను లేచి వచ్చేదాన్ని. ఇంటికి పోనన్నాను. చివరకు ఒప్పందం కుదిరింది. ఇద్దరం కుప్ప దగ్గరే. నా మంచం అక్క ట్రాక్టర్ ట్రాలీ డబ్బా వెనక, చీకట్లో. తాడు కోడలి ముంజేతికి.

వదినెకు కూడా శిక్ష వేశారు. అక్క ప్రార్థన అయిపోయాక మాట్లాడకూడదు. ఆమె కొంగుతో నోరు కట్టుకుని పడుకుంది. మాట్లాడొద్దన్నాక నవ్వు రాకుండా ఉంటుందా? ఆమె మంచం కిర్రుకిర్రుమనేది. అక్క మంచం అందుకునేది. వాళ్ల మంచాల చప్పుడుకు నా మంచం. బడిలో పంతులు వెనక్కి తిరిగినప్పుడు కూడా నేను అంతగా నవ్వలేదు.

రెండోరాత్రికి నవ్వు అరిగిపోయింది గాని నా అనుమానం అరగలేదు. కోడలు లేస్తుందా? తెలుసుకోవాలంటే ఒకటే దారి. చీకట్లో నడిచి వెళ్లి తాడు గుంజాను.

"ఏందత్తా! గాలొచ్చిందా?" ఒక్క ఉదుటున లేచి కూర్చుంది.

"రాలే. చూస్తున్న."

కాసేపాగి మళ్లీ గుంజాను. ఈసారి నా చెయ్యి తాడు మీద పడీపడకముందే లేచింది. మళ్లీ గుంజబోతే వదినె మంచం మీద నుంచి కేకేసింది. "ఓ వదినె, నీయి ఎట్లాగూ ఖరాబైనయి. ఆ పిల్ల హార్మోన్లు సుత పాడుజేస్తవా ఏంది?"

కోడలు నవ్వలేదు. తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "అత్తా, పిల్లలు ఏడ్చినప్పుడు నేను లేవకపోయేది. ఎందుకో ఎరుకేనా? నువ్వు లేస్తవని నాకు ధీమ. ఇప్పుడు నువ్వు లేవొద్దు గద. అందుకే లేస్తున్న. పో, పండుకో."

తాడు వదిలేసి వెళ్లి మంచం ఎక్కాను. ఎక్కగానే నిద్రపోయినట్టున్నాను.

తర్వాతి రాత్రుల సంగతి నేను చెప్పలేను. నిద్రలో ఉన్నాను. దుమారం వచ్చిన రాత్రి సంగతి కూడా పొద్దున విన్నదే. నాకు తెలిసిందల్లా, కళ్లు తెరిచేసరికి పైన ఆకాశం లేదు. రేకులు ఉన్నాయి. మంచం చుట్టూ గన్నీ సంచులు గోడలాగా ఉన్నాయి. ఎక్కడో అక్క గొంతు ప్రార్థన పాడుతోంది. ఒక్క క్షణం, నేను పోయాననే అనుకున్నాను. పోయి, పొరపాటున అక్క దేవుడి దగ్గరికి వచ్చాననుకున్నాను.

"లేచినవా మారాణీ?" వదినె మొహం సంచుల మీద నుంచి కనబడింది.

గాలి లేవగానే తాడు గుంజిందట. కోడలు లేచి, వాళ్లిద్దరినీ లేపిందట. మూడు కుప్పల పరదాలూ బిగించారట. అప్పుడు గుర్తొచ్చిందట డబ్బా వెనక నేనున్నానని. పిలిచారు, కుదిపారు, నీళ్లు చల్లారు. వానే చల్లుతుంటే వాళ్ల నీళ్లెంత? నేను లేవలేదు. కోడలు, వదినె, అక్క, అక్కడే పడుకున్న హమాలీ, నలుగురూ నాలుగు కోళ్లు పట్టుకుని మంచంతో సహా ఎత్తి రేకుల షెడ్డులోకి మోసుకొచ్చారు.

"నలుగురు మోసిన్రా నన్ను!" అన్నాను.

"ముందట డప్పొక్కటే తక్కువైంది" అంది వదినె. "పేలాలు సల్లుదామంటే ఆనల తడుస్తయని నీ కోడలు వద్దన్నది. నీ కోడలే గద, దుబారా చెయ్యనియ్యది."

అక్క పాట ఆపేసి సంచుల మీద పడి నవ్వింది. నేను కుప్ప దగ్గరికి పరుగెత్తాను. పరదా ఎత్తి చెయ్యి పెట్టాను. పొడిగా ఉన్నాయి. కోడలు అక్కడే కుప్పకు ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చేతికి తాడు అట్లాగే ఉంది. లేపలేదు. తాడు కూడా విప్పలేదు, కదిలితే లేస్తుందని.

వ్యాను వచ్చే ముందు డాక్టరమ్మ వేలు గుచ్చింది. అంకె చెప్పకుండా ఊరిస్తుంటే, "చెప్పవమ్మా, లోపల కాంటా అయిందా లేదా?" అని అడిగాను.

"మొత్తం కాలే గని, లారీలు కదిలినయి అవ్వా. ఆపరేషన్‌కు చాలు. నిద్ర మాత్రం ఇడిసిపెట్టకు, గోలీలు సుత."

ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు నన్ను చూడటానికి వదినె వచ్చింది. ఆమెను పైనుంచి కిందిదాకా చూశాను.

"ఇన్నొద్దులు నువ్వు జర మంచిగనే ఉన్నవనుకున్న" అన్నాను.

"ఇప్పుడు పోయి నీ మొకం అద్దంల చూసుకో పో" అంది.

చూసుకున్నాను. ఆ సంగతి వదిలేద్దాం.

కాంటా మా వంతుకు వచ్చింది ఆ తర్వాతే. కంటిలో దుమ్ము పడకూడదు కాబట్టి నన్ను రావద్దన్నారు. ఆ కన్ను ఎందుకు చేయించుకున్నానో వీళ్లకు తెలియదా? నల్ల అద్దాలు పెట్టుకుని, కొడుకు ఆటోలో, రెండు పక్కలా పరదా దింపించుకుని కూర్చున్నాను. ముందు అద్దంలోంచి కాంటా ఎర్ర అంకెలు కనబడ్డాయి. ఎంత ఎర్రగా, ఎంత స్పష్టంగా! సంచి పెట్టగానే పైకి పోయి, కిందికి వచ్చి, నిలబడుతున్నాయి. నేను ఆటోలోంచి గట్టిగా చదివాను. కాంటా దగ్గరి మనిషి తల తిప్పి చూశాడు.

"అవ్వా, గక్కడికి కనవడుతుందా?"

"నీ అంగీ గుండీ ఊడింది, గది సుత కనవడుతుంది."

సెంటరంతా గొల్లుమంది. నేను కూడా. అంకెలు చదువుతూ పోయాను. సంచి తర్వాత సంచి. ఆటోలో నీడ, సన్నటి గాలి, హమాలీల 'హైస హైస'. మధ్యలో ఎక్కడో కోడలి గొంతు కూడా అంకెలు చదువుతూ వినబడింది. తప్పు చదవడం లేదు. నేను రెండుమూడు సార్లు సరిచూశాను. తర్వాత సరిచూడలేదు.

ఎవరో కాలు గుంజారు.

కళ్లు తెరిచాను. నా కాలి కడియానికి తాడు కట్టి ఉంది. ఆ కొస కాంటా పక్కన నిలబడ్డ వదినె చేతిలో ఉంది.

"డాక్టరమ్మ ఏలికి వద్దన్నది, కడియానికి వద్దనలే గద" అని అరిచింది. "ఆఖరి సంచి ఎక్కింది. లే, చూసుకో!"

చూసుకున్నాను. పైకి పోయింది, కిందికి వచ్చింది, నిలబడింది. నా కంటితో నేనే చదివి, ఊరందరికీ వినబడేలా చెప్పాను. ఇంటికి పోయేదాకా తాడు కడియానికే ఉంది. విప్పమంటే వదినె విప్పలేదు, ఆ కొస పట్టుకుని ఆటో వెనక నడుస్తూ, "జరుగుండ్రి, జరుగుండ్రి, ఎద్దును తోల్కపోతున్న" అని దారిలో అందరికీ చెప్పింది. నేను పళ్లన్నీ బయటపెట్టుకుని కూర్చున్నాను. కూరగాయలవాడు కూడా చూశాడు. ఆ రోజు వంకాయలు ఎక్కువ ధరకే ఇచ్చాడు.

తీసుకున్నాను.